జెబ గిటార్‌కి రెండు గొంతులు

వాన మద్రాసు చింతాద్రిపేట వీధిని ఖాళీ చేసిన ఒక సాయంత్రం, గొడుగంతా గిటార్ మీదే పట్టి, తను నిలువునా తడుస్తూ ఒక అమ్మాయి శ్రీకుమార్ షాపు మెట్లెక్కింది. గిటార్ సంచీని పొడిగా ఉన్న మూల చూసి ఆనించింది. ఆ తర్వాతే ముఖం తుడుచుకుంది.

"అన్నా, కాయిల్ చుడతారా?" అని అరవంలో అడిగి, అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగున్న నల్లటి వస్తువొకటి బల్ల మీద పెట్టింది.

శ్రీకుమార్ దాన్ని తిప్పి చూశాడు. మోటార్లు, మీటర్లు, రిలేలు, ఇలా రాగి తీగ చుట్టిన వస్తువేదైనా అతనికి తెలుసు. ఇది తెలీలేదు.

"ఏ మిక్సీది ఇది?"

"మిక్సీయా?"

"మరి? కుట్టుమిషన్ మోటారుదా?"

"బోర్డులో ‘అన్ని రకాల కాయిల్స్’ అని అంత పెద్దగా రాసుకున్నారే! చూపిస్తే ఏ రకమో కూడా తెలీదు!"

లోపలి నుంచి అతని తండ్రి చిన్నస్వామి గొంతు తెలుగులో వినబడింది. "రేయ్ కుమారూ, గొడవ ఏందిరా ఆడ? ఆ పాపని వానలో నిలబెట్టినావే, లోపలికి రమ్మను!"

అమ్మాయి కోపం ఎక్కడికి పోయిందో! కళ్ళు పెద్దవి చేసుకుని, "అయ్యో, మీరు తెలుగోళ్ళా?" అంది తెలుగులో.

"తాతల కాలం నుంచి ఈడనే. నువ్వు?" అన్నాడు శ్రీకుమార్.

"మేమూ అంతే. ఈ ఊళ్ళోనే మనలిలో ఉండాం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, స్టేజీ మీద ఇంగ్లీషు."

"స్టేజీయా?"

ఆమె పేరు జెబ. పగలు ఒక ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళి పత్రికలు టైపు చేస్తుంది. ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తుంది. శనివారాలు మాత్రం ఒక బ్యాండ్‌లో వాయిస్తుంది.

"హెవీ మెటల్ పాటలు," అంది.

"మా దగ్గర కూడా ఉండాది గదా మెటల్. రాగి, ఇనుము."

నవ్వకూడదని పెదాలు బిగించింది జెబ. అయినా నవ్వొచ్చేసింది.

అప్పుడు చెప్పింది. ఆ నల్లటి వస్తువును పికప్ అంటారు. గిటార్ తీగల కింద ఉంటుంది. లోపల అయస్కాంతం, చుట్టూ సన్నటి రాగి తీగ. పైన గిటార్ తీగ కదిలితే ఇందులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటే వైరులోంచి ఆంప్ అనే స్పీకర్ పెట్టెలోకి పోయి శబ్దమవుతుంది.

"అంటే డైనమో!" అన్నాడు శ్రీకుమార్. కుర్చీలోంచి లేచాడు కూడా.

"ఆ, పాట పుట్టించే డైనమో. కానీ నాది చెత్త డైనమో. సౌండు పెంచితే గుయ్‌మంటాది. ఇంకా పెంచితే కీచుమంటాది. పోయిన ప్రోగ్రాంలో జనం చెవులు మూసుకున్నారు. ఒకడు లేచి, చర్చికే పోమ్మా అని అరిచినాడు." ఆ మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. "బాలమురుగన్ అని మా డ్రమ్మర్, బ్యాండ్ అతనిదే. ఈసారి కూడా ఇట్లానే అయితే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు."

"కొత్తది కొనేదానికి దొరకదా?"

"మద్రాసులో యాడ దొరుకుతుంది? మా ఆనందన్ మామ కప్పల్లో, అదే, ఓడలో పని చేస్తాడు. ఇప్పుడు సింగపూర్లో ఉండాడు. ఆడ షాపులో రెండు రకాలున్నాయంట. సిరామిక్ అయస్కాంతంది ఒకటి, ఆల్నికో అయస్కాంతంది ఒకటి. ఏది కావాలో ఒక్కటే చెప్పమంటాడు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాడు, ఆ తర్వాత కప్పల్ బయల్దేరిపోతాది. వినకుండా ఏదని చెప్పేది? అందుకే, ఎందుకైనా మంచిదని ఈ పాతదాన్నే మళ్ళీ చుట్టించుకుందామని వచ్చినా."

శ్రీకుమార్ కాసేపు ఆ పికప్‌ను చూశాడు. వానను చూశాడు. తడి జుట్టు చెవి వెనక్కి తోసుకుంటున్న ఆమెను మాత్రం చూడనట్టు చూశాడు.

"సిరామిక్ అంటే స్పీకర్ వెనక ఉండే నల్ల అయస్కాంతమే. ఆల్నికో పాత కరెంటు మీటర్లలో ఉంటాది. రెండూ మా అటక మీద ఉండాయి. రెండు రకాలూ నేనే చుట్టి వినిపిస్తే?"

"నిజంగానా అన్నా?"

"ఆ అన్నా మాత్రం వద్దు. కుమార్ అను చాలు."

లోపల చిన్నస్వామి దగ్గాడు. అది జలుబు దగ్గు కాదని ఇద్దరికీ తెలిసింది.

ఆ వారమంతా వాన కురుస్తూనే ఉంది. జెబ రోజూ ప్రెస్సు నుంచి నేరుగా షాపుకు వచ్చేది.

పికప్ తీగ తలవెంట్రుక కన్నా సన్నం. కొంచెం బిగిస్తే పుటుక్కున తెగుతుంది, వదిలేస్తే వదులవుతుంది. శ్రీకుమార్ చేతి మిషన్ తిప్పుతుంటే, జెబ రెండు వేళ్ళ మధ్య తీగను పట్టి వదిలేది. మాట్లాడితే చెయ్యి కదులుతుందని ఇద్దరూ మాటలు మానేసేవారు. తీగ తెగినప్పుడే మాట్లాడుకునే వీలు. తెగడం కూడా తరచుగానే జరిగేది.

"నువ్వు కావాలనే తెంచుతా ఉండావా?" అని ఒకసారి అడిగింది జెబ.

"ఛ ఛ! నాకేంది అవసరం?"

"మరి చెవులెందుకు ఎర్రబడినాయి?"

ఆమె ఎడమచేతి వేళ్ళ కొసలను అప్పుడే దగ్గరగా చూశాడతను. తీగలు నొక్కి నొక్కి కాయలు కాచి ఉన్నాయి. అంత చిన్న చేతులకు అంత గట్టి కొసలు. మెల్లగా మాట్లాడే ఈ పిల్ల రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా కూర్చుని వాయిస్తే వేళ్ళు ఇలా అవుతాయి? అడగబోయి ఆగిపోయాడు. గుడిలో విగ్రహం ముందు నిలబడ్డవాడిలా, ఊరికే చూశాడు.

గుయ్‌మనే రోగానికి మందు అతనికే తోచింది. "ఒక కాయిల్ కాదు, రెండు పెడదాం. అయస్కాంతాన్ని ఒకదానికి ఇటు, ఒకదానికి అటు తిప్పి, చుట్టేది కూడా ఎదురెదురుగా చుడితే బయట నుంచి వచ్చే గుయ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతాది. తీగ శబ్దం మాత్రం రెంటిదీ కలుస్తాది."

జెబ అతని వైపు వింతగా చూసింది. "దాన్ని హంబకర్ అంటారు. సింగపూర్లో అమ్మేది అదే. నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. ఇంత గుయ్‌మంటా ఉంటే ఇంకేమి చేస్తాం?"

కీచుమనకుండా ఉండాలంటే చుట్టలు లోపల కదలకూడదు. దానికి మైనంలో ముంచాలి. చర్చిలో కాలి మిగిలిన కొవ్వొత్తుల ముక్కలు ఒక డబ్బా నిండా తెచ్చింది జెబ. వేడినీళ్ళ గిన్నెలో వాటిని కరిగించి, రెండు పికప్‌లనూ నెమ్మదిగా ముంచి తీశారు.

ఆదివారం మధ్యాహ్నం చర్చి అయ్యాక, జెబ తెల్ల చీరలోనే ఆంప్‌తో సహా ఆటో దిగింది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ తప్ప వీధిలో షాపులన్నీ మూసి ఉన్నాయి. సాయంత్రం మామ ఫోన్ ఆ బూత్‌కే వస్తుంది. శ్రీకుమార్ ముందుగా ఆల్నికో పికప్‌ను గిటార్‌లో బిగించి వైర్లు అతికించాడు. జెబ స్టూలు మీద కూర్చుంది. గుయ్‌మనే శబ్దం లేదు. ఆమె ఒక్క క్షణం ఆ నిశ్శబ్దాన్ని విన్నది.

"చెవులు మూసుకోండి అంకుల్," అంది చిన్నస్వామితో.

"మోటార్ల మధ్య పుట్టినోణ్ణి నేను. నువ్వు కానీ."

అరచేతి అంచుతో తీగలను ఆనించి పట్టి, లావు తీగను కొట్టింది.

షాపు అదిరింది. బల్ల మీద స్క్రూలు చీమల్లా కదిలాయి. గోడకు వేలాడుతున్న రాగి తీగ చుట్టలు వణికాయి. రేకు కప్పు మీద వాన పడుతున్న సంగతే ఎవరికీ వినిపించలేదు. శ్రీకుమార్‌కి పుట్టినప్పటి నుంచి కరెంటుతోనే సావాసం. అది తిప్పుతుంది, వెలిగిస్తుంది, తేడా వస్తే కాలుస్తుంది. అంతవరకే తెలుసు. అదే కరెంటు, తన చేత్తో చుట్టిన తీగలోంచి బయల్దేరి, తన పక్కటెముకల్లోకి వచ్చి గర్జిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఇంకా పెద్ద వింత ఏమిటంటే, ఆ గర్జన మధ్యలో కూర్చున్న జెబ ముఖం ప్రార్థనలో ఉన్న మనిషి ముఖంలా ఉంది.

ఆమె ఆపింది. వీధి అవతల ఒక కిటికీ తెరుచుకుంది.

"ఎట్లుండాది?" అన్నాడు శ్రీకుమార్.

"తీగ తీగగా మీటితే తేనె. కానీ లావు తీగలు వేగంగా కొడితే దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు లేదు. అంతా ఇడ్లీ పిండి మాదిరి కలిసిపోతా ఉండాది."

రెండోది బిగించాడు. సిరామిక్. ఈసారి మొదటి దెబ్బకే చిన్నస్వామి అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ప్రతి దెబ్బా గొడ్డలి వేటులా విడిగా, పదునుగా పడింది. ఎంత వేగంగా వాయించినా ఏ స్వరమూ పక్కదాని మీద ఒరగలేదు.

"ఇదే!" అంది జెబ లేచి. "సందు ఉండాది, బరువూ ఉండాది. ఇదే!"

చిన్నస్వామి కళ్ళజోడు సర్దుకున్నాడు. "అరుపు అనుకుంటినే. అరుపు కాదురా కుమారూ. ఏదో పెద్ద మోటారు మొదటిసారి స్టార్ట్ అయినట్టుండాది."

జెబ శ్రీకుమార్ వైపు తిరిగింది. "నిజం చెప్పు. సింగపూర్‌ది తెప్పించుకోనా, నువ్వు చుట్టిన ఇదే పెట్టుకోనా?"

ఇదే పెట్టుకో అంటే చాలు. ఏ చిన్న సర్దుబాటుకైనా ఆమె మళ్ళీ ఈ షాపుకే రావాలి. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"సింగపూర్‌ది తెప్పించుకో," అన్నాడు. "నాదాంట్లో సన్న తీగలు పల్చగా పలుకుతా ఉండాయి. ఒక తీగ ఎక్కువ, ఒక తీగ తక్కువ. నువ్వు ఇంత బాగా వాయిస్తా ఉంటే నా తప్పు వినబడకూడదు."

జెబ బల్ల మీద ఉన్న ఆల్నికో పికప్‌ను తీసి రుమాల్లో చుట్టుకుంది. "దీన్ని మాత్రం నేను తీసుకుంటా."

"అది మెత్తనిది గదా. బరువు పాటకి పనికిరాదన్నావే?"

"తీసుకోనా, వద్దా?"

"తీసుకో."

ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో ఫోన్ మోగింది. ఇద్దరూ వానలో పరిగెత్తారు.

"సిరామిక్, మామా! సిరామిక్!" అని అరిచింది జెబ.

"ఇంత గట్టిగా చెప్తా ఉండావు, నీకెట్లా తెలుసు?" ఆనందన్ గొంతు బూత్ బయటికి కూడా వినబడింది.

"చెవులారా విన్నా మామా. ఒకాయన చుట్టి వినిపించినాడు."

"ఒకాయనా? ఎవరా ఒకాయన?"

లైన్ తెగిపోయింది. బూత్ అద్దం అవతల నిలబడ్డ ఒకాయన చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత జెబ రాలేదు. ప్రెస్సులో పెళ్ళిళ్ళ కాలం, ఊపిరాడని పని. శ్రీకుమార్ ఏ మోటారు విప్పినా మధ్యలో ఆగి వీధి వైపు చూసేవాడు. చిన్నస్వామి చూసీ చూడనట్టు ఉన్నాడు.

చివరికి ఒక పొద్దున ఆరడుగుల మనిషి, గుబురు మీసాలతో షాపు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈడ ఒకాయన ఎవరు?"

శ్రీకుమార్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. "నేనే సార్."

ఆనందన్ అతన్ని కాసేపు తేరిపార చూసి, చిన్న అట్టపెట్టె ముందు పెట్టాడు. "సముద్రం దాటి వచ్చింది. నువ్వే బిగించాలంట. వేరే ఎవరి చెయ్యీ పడకూడదంట."

వెనకాల నుంచి గిటార్‌తో జెబ తొంగి చూసింది.

మామ స్టూలు మీద కూర్చుని కాపలా కాస్తుంటే శ్రీకుమార్ పని మొదలుపెట్టాడు. సింగపూర్ పికప్‌ను గిటార్ కింది వైపు, తీగలు ఆనే బ్రిడ్జి పక్కన బిగించాడు. జెబ రుమాలు విప్పి ఆల్నికో పికప్ ఇచ్చింది.

"ఇది మెడ వైపు బిగించు. రెంటికీ మధ్య మార్చుకునేదానికి స్విచ్చి పెట్టు."

"ఎందుకిది? పాటంతా బరువే గదా?"

"అంతా బరువే అయితే మనిషి ఊపిరి ఎప్పుడు తీసుకునేది?" అంది నెమ్మదిగా.

ప్రోగ్రాం మైలాపూరులో, ఒక స్కూలు ఆడిటోరియంలో. కొత్తగా మైలాపూరు దాకా వేసిన లోకల్ రైల్లో శ్రీకుమార్ బయల్దేరాడు. చిన్నస్వామి కూడా బయల్దేరాడు. "నా షాపు నుంచి పోయిన కాయిల్ స్టేజీ మీద కాలిపోకూడదు. చూడాలి గదా," అన్నాడు. ఇస్త్రీ చొక్కా మాత్రం ఎందుకు వేసుకున్నాడో చెప్పలేదు.

హాలు నిండా కుర్రాళ్ళు. పక్క వరుసలో ఆనందన్ కూర్చున్నాడు. జెబ స్టేజీ ఎక్కగానే వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. ఇంకొకడు, "చెవుల్లో దూది పెట్టుకోండ్రా!" అన్నాడు. డ్రమ్స్ వెనక బాలమురుగన్ ముఖం మాడిపోయింది. శ్రీకుమార్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

జెబ ఎవరినీ చూడలేదు. చెయ్యి పైకెత్తి దించింది.

ఈల వేసినవాడి నోరు తెరుచుకునే ఉండిపోయింది. శబ్దం గోడలా లేచి ముందుకు నడిచింది. గుయ్ లేదు, కీచు లేదు. బాలమురుగన్ డ్రమ్స్ ఎంత వేగంగా ఉరికితే గిటార్ అంత కచ్చితంగా, దెబ్బకు దెబ్బగా పక్కనే ఉరికింది. ముందు వరుసలో తలలు ఊగాయి, తర్వాత హాలంతా ఊగింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

ఉన్నట్టుండి డ్రమ్స్ ఆగాయి. జెబ స్విచ్చి మార్చింది.

ఒకే ఒక్క స్వరం లేచింది. గుండ్రంగా, వెచ్చగా. అది సాగింది, వణికింది, ఇంకా సాగింది. మనిషి గొంతులా ఉంది, కానీ ఏ మనిషికీ అంత ఊపిరి ఉండదు. ఇంతసేపూ గంతులేసిన కుర్రాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. శ్రీకుమార్ ఒళ్ళు జలదరించింది. పాత మీటర్ ముక్క, తన మిషన్ మీద తిరిగిన తీగ, ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ సాయంత్రాలు. అవన్నీ ఇప్పుడు ఇంతమంది తలల మీదుగా ఎగురుతున్నాయి. పక్కకు చూశాడు. చిన్నస్వామి ముందు కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

మళ్ళీ డ్రమ్స్ లేచాయి. మళ్ళీ బరువు. హాలు కప్పు ఎగిరిపోయేలా కేకలు.

అయిపోయాక స్టేజీ పక్క వరండాలో బాలమురుగన్ ఎదురొచ్చాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. "వేరే గిటారిస్ట్ అన్న మాట నేను మళ్ళీ ఎత్తితే ఈ కర్రలతోనే నన్ను కొట్టు జెబా," అని డ్రమ్ కర్రలు ఆమె చేతిలో పెట్టి పోయాడు.

బయట వాన మొదలైంది. వరండాలో ఇద్దరే మిగిలారు.

"మధ్యలో వాయించింది... అది నేను చుట్టిందేనా?" అన్నాడు శ్రీకుమార్.

"నువ్వు చుట్టిందే."

"నేను అంత బాగా చుట్టలేదే."

"కాయిల్ నీదే." జెబ చెప్పు కొసతో నేల మీద గీత గీసింది. "కానీ నిన్ను తలుచుకుని వాయించినా. నీదే బాగుండాదని చెప్పి నన్ను ఆపుకోవచ్చు గదా ఆరోజు? ఆపుకోలా నువ్వు. అప్పటి నుంచి ఇంకెవరూ తలపుకి రాలా."

శ్రీకుమార్ ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"నేను మొదటి రోజే... గొడుగు గిటార్ మీద పట్టుకుని వచ్చినావే, ఆరోజే..."

"ఆరోజు మిక్సీదా అని అడిగినావు."

"నిన్ను చూసినాక బుర్ర పని చెయ్యలా జెబా. అందుకే అట్లా అడిగినా."

ఆమె పకపకా నవ్వి చెయ్యి చాపింది. అతను పట్టుకున్నాడు. కాయలు కాచిన ఆ వేళ్ళ కొసలు అతని అరచేతికి గరుగ్గా తగిలాయి.

వరండా చివర ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. చిన్నస్వామి, ఆనందన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలీదు.

ముందుగా ఆనందన్ మాట్లాడాడు. మేనకోడలితో కాదు, చిన్నస్వామితో. "మేము చర్చికి పోయేవాళ్ళం. మీకు తెలుసు గదా అయ్యా? రేపు మీవాళ్ళు ఏమైనా అంటే, మా పిల్ల తట్టుకోలేదు."

చిన్నస్వామి వాన వైపు చూస్తూ నిలబడ్డాడు. జెబ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. శ్రీకుమార్ వదల్లేదు.

"నలభై ఏళ్ళుగా మోటార్లతోనే బతుకు నాది," అన్నాడు చిన్నస్వామి చివరికి. "చెయ్యి పెట్టి చూస్తే చాలు, లోపల బాగుండాదా, కాలిపోతా ఉండాదా చెప్పేస్తా. ఇందాక ఆ పిల్ల వాయిస్తా ఉంటే కుర్చీ మీద చెయ్యి పెట్టినా. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో నాకే తెల్దు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "అనేవాళ్ళు అంటారు. ముందు నన్ను దాటి గదా ఆ పిల్ల దాకా వచ్చేది."

ఆరడుగుల ఆనందన్ తల ఊపాడు.

చిన్నస్వామి జెబ దగ్గరికి వచ్చాడు. ఒక్క చూపు ఆ రెండు చేతుల మీద వేసి, వెంటనే ఆమె ముఖంలోకి చూశాడు.

"పాపా, వచ్చే ఆదివారం చర్చి అయినాక మీ అమ్మనీ మామనీ పిల్చుకుని ఇంటికి రా. భోజనం మా ఇంట్లో. నీకు కారం ఎంత పడతాదో మా ఆవిడ అడగమనింది."

జెబ జవాబు చెప్పబోయి ఏడ్చేసింది.

"అదంటే కారం ఎక్కువ అనా, తక్కువ అనా?" అని కంగారుగా కొడుకు వైపు తిరిగాడు చిన్నస్వామి.